చెల్లదు, మళ్ళీ ఆడండి

ఆమదాలవలస స్టేషను నుంచి కూరగాయల బజారుకి తిరిగే మలుపులో ఒక కరెంటు స్తంభం ఉంది. దానికి ఎప్పుడూ ఏదో ఒక ఫ్లెక్సీ వేలాడుతూనే ఉంటుంది. పుట్టినరోజులు, పదవులు, ఓణీల ఫంక్షన్లు. దారిలో అక్షరం కనబడితే చదవకుండా నేను ముందుకు పోలేను. వయసు మళ్ళాక చదువు వచ్చినవాళ్ళకి ఈ జబ్బు ఉంటుంది. మొన్న వంకాయల సంచి పట్టుకుని ఆ మలుపులో ఆగాను. 'అశ్రు' దగ్గర కాస్త తడబడ్డాను. కింద వత్తు ఉంటే నాకు ఇప్పటికీ అంతే. 'నివాళి' అయ్యేసరికి తలెత్తి బొమ్మ చూశాను. ఆయనే.

ఫోటోలో కళ్ళజోడు తళతళలాడుతోంది. బతికుండగా ఆ అద్దాలు అంత శుభ్రంగా నేనెప్పుడూ చూడలేదు. పేరు కూడా చదివాను గాని ఇక్కడ రాయను. వాళ్ళమ్మ ఇంకా ఉంది. ఇది ఎవరిచేతనైనా చదివించుకుంటే పేరు దగ్గర ఆవిడ గుండె ఆగుతుంది.

నాకు చదువు చెప్పిన మనిషి పోయాడు. ఏడుపు రావాలి. రాలేదు. వాళ్ళు ఊరి అవతలికి ఇల్లు మారిపోయారు. ఒకే ఊళ్ళో ఉంటూ కొన్నేళ్ళుగా మేం మాట్లాడుకోలేదు. ఆ కోపం ఫ్లెక్సీ ముందు కూడా చల్లారలేదు.

ఆయన శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. మా వెనక వీధిలో తల్లితో ఉండేవాడు. నేను మా అరుగు మీద పొద్దున్నపూట ఇడ్లీలు వేసి అమ్మేదాన్ని. పిల్లలు లేరు, మా ఆయన అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. కాలేజీ బస్సు ఎక్కేముందు ఈయన మా అరుగు చివర కూచుని, చట్నీ ఒకవైపు, ఇడ్లీ ఒకవైపు, రెండూ ఒకదానికొకటి అంటకుండా తినేవాడు. ఏదైనా తేల్చుకోవాల్సి వస్తే ఎడమ చెవి తమ్మె పట్టుకుని కిందికి లాగేవాడు. ఆ చెవి రెండోదానికంటే పొడుగ్గా ఉందని వీధిలో వాళ్ళు నవ్వేవారు.

నన్ను అప్పా అనేవాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. ఒకరోజు అడిగాడు.

"అప్పా, నిన్న ఇడ్లీ మెత్తగున్నాది, ఇయ్యాల గట్టిగున్నాది. ఏటి మార్సినావు?"

"రవ్వ మార్సినాను బాబూ. ఏది బాగున్నాది?"

"నానొక్కణ్ణి సెప్తే ఎలగ? తేలాల."

తేలాల. ఆయన నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. ఆ వారమంతా నాచేత రెండు రకాల పిండి కలిపించాడు. ఒక ప్లేటు దీంతో, ఒక ప్లేటు దాంతో. తినేవాళ్ళకి ఒక్క ముక్క కూడా చెప్పకూడదన్నాడు.

"సెప్తే ఏటైపోద్ది?"

"ముందే సెప్తే నాలిక అబద్ధం ఆడతాది అప్పా. పరీక్ష పాడైపోతాది."

ఎవరు మళ్ళీ అడిగి వేయించుకుంటున్నారో ఆయన చూసేవాడు, నేను చూసేదాన్ని. రిక్షావాళ్ళూ బియ్యం మిల్లు కూలీలూ ఏమీ తెలియకుండా తింటుంటే మాకు లోపల ఒకటే నవ్వు. చివరికి ఏ తేడా లేదని తేలింది. ఆయన మొహం వెలిగిపోయింది. "తేడా లేదని తేలడం కూడా తేలడమే!" అన్నాడు. వాళ్ళమ్మ కాఫీలో పొడి మార్చి కూడా ఇలాగే చూసేవాడట. "కన్నతల్లి మీదే పరీచ్చలు సేస్తాడే ఈడు" అని ఆవిడ మురిసిపోతూ తిట్టేది. నేనూ మురిసిపోయాను. ఏమీ తెలియక తినేవాళ్ళ వైపు నేనొకనాడు ఉంటానని నాకేం తెలుసు?

వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేని రోజుల్లో ఇడ్లీలు ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. అలా మొదటిసారి ఆయన గది చూశాను. బల్ల మీద రెండు కంప్యూటర్లు, ఆయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. రెండిటి మీదా చదరంగం బల్ల. కాయలు వాటంతటవే కదులుతున్నాయి.

"ఎవులు ఆడతన్నారు బాబూ?"

"ఇది సిన్నోడు, అది పెద్దోడు. ఇద్దర్నీ నానే రాసినాను. సిన్నోడికి నిన్న ఒక్క సంగతి కొత్తగా నేర్పినాను. ఎదర అడ్డులేని బంటుకి కాస్త ఎక్కువ విలువ కట్టమన్నాను. అది మంచో సెడ్డో తేలాల."

"సిన్నోడు ఇప్పుడే గెలిసినాడు కదా. తేలిపోనాది."

"ఒక్క ఆట గెలిస్తే ఏటీ తేలదప్పా. గాలివాటం. ఒకే మొదలు నుంచి తెల్లకాయలు ఓపాలి ఈడికి, ఓపాలి ఆడికి ఇచ్చి, రోజులకి రోజులు ఆడించాల. అప్పటికీ సిన్నోడే పైనుంటే కొత్త సంగతి ఉంచుతాను. లేదంటే తుడిసీడమే."

"పాపం సిన్నోడు. మరి ఎలగ ఆలోసిస్తాది ఈ పెట్టె?"

ఆ ప్రశ్న ఆయన్ని అంతకుముందు ఎవరూ అడగలేదేమో, కుర్చీ నా వైపు తిప్పేసుకున్నాడు.

"ఆలోసించదు. సూస్తాది. నానిలగేస్తే ఆడలగేస్తాడు, ఆడలగేస్తే మళ్ళీ నానిలగేస్తాను, అలగ ఎంత దూరం సూపు ఆనితే అంత దూరం. ఆఖర్న నిలబడి తూకం ఏస్తాది. బంటుకింత, గుర్రానికింత, రాజు సుట్టూ దడి ఉంటే ఇంత. ఏ దారమ్మట పోతే మనకి ఎక్కువ మిగులుతాదో ఆ దారిలో మొదటి అడుగు ఏస్తాది."

"అన్ని దారులూ సూడ్డానికి జన్మ సాలదు."

"అన్నీ సూడక్కర్లేదు. నువ్వు కుండ కొంటానికెల్తావు. ఒక్క కన్నం కనబడినాది. ఇంకా ఎన్ని కన్నాలున్నాయో లెక్కెడతావా? పక్కనెట్టీసి ఇంకో కుండ సూస్తావు. ఇదీ అంతే. ఒక్కటి గుర్తెట్టుకోవాల, ఎదుటోడు ఎప్పుడూ మంచి ఎత్తే ఏస్తాడనుకోవాల. ఆడు తప్పు సేస్తాడని ఆశపడితే మనం మునిగిపోతాం."

అప్పుడే దాని తెగులు కూడా చెప్పాడు. మంత్రి పోతుందని తెలిస్తే ఆ పెట్టె మధ్యలో ఒక బంటు పారేస్తుందట, ఇంకో బంటు పారేస్తుందట. నష్టం తప్పదు గాని, దాన్ని తన చూపు ఆనని దూరానికి నెట్టేసి గండం గడిచిందనుకుంటుందట. "మడుసుల్లాగేనన్నమాట" అన్నాను. చెవి లాక్కుంటూ చాలాసేపు నవ్వాడు.

మాట్లాడుతూనే తెర చూసి, "అయ్యో, గుర్రం పోనాది" అన్నాను. ఆయన తుళ్ళిపడ్డాడు. నీకెలగ తెలుసు అన్నాడు. మా నాన్నా చిన్నాన్నా బియ్యం మిల్లు గట్టు మీద బొగ్గుతో గళ్ళు గీసి, ఇటికముక్కలు పెట్టి ఆడేవారు. ఆడపిల్లని ఎవరూ కూచోమనలేదు గాని, చూడొద్దని కూడా అనలేదు. ఆటంతా నా కళ్ళలోకి ఎక్కేసింది.

ఆ రోజే అలమరా మీంచి చదరంగం చెక్కబల్ల దించాడు. ఆడుతూ ఉండగా నా రాజు ఇరుకులో పడ్డాడు. గుర్రంలా ఎగరేసి పక్కకి తీసుకెళ్ళిపోయాను. మా నాన్నవాళ్ళ ఆటలో రాజు మీదికి ఇంకా ఎవరూ రాకముందు ఒక్కసారి అలా దూకవచ్చు.

"ఓలమ్మో, ఊరాట!" అన్నాడు. "మా నాన్న కూడా ఇలగే దూకించీవోడు."

పుస్తకాల ఆటలో ఇది లేదని చెప్పాడు. బంటు మొదట రెండు గళ్ళు పోవచ్చనీ, కోట కట్టవచ్చనీ చెప్పాడు. వాటికన్నిటికీ ఒప్పుకున్నాను. "రాజు దూకు మాత్రం ఒదల్ను బాబూ, అది మా నాన్నది" అన్నాను. "సరే అప్పా, మనిద్దరి మధ్యన అది ఉన్నాది" అని చేతిలో చెయ్యేశాడు.

కాలేజీ పని పెరిగాక ఆటకి తీరిక లేకపోయింది. టచ్ ఫోన్లు అప్పుడే ఊళ్ళో అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఫోనులో ఆడదామన్నాడు. ఇంట్లో పెట్టుకోమని నాకొక అట్టబల్ల ఇచ్చి, దాని అంచున ఎనిమిది నిలువు వరసలకీ క ఖ గ ఘ చ ఛ జ ఝ అని రాశాడు. అడ్డవరసలకి అంకెలు. అంకెలు నాకు వచ్చు. అక్షరాల్ని నోటితో చెబితే చాలనుకున్నాం.

"ఏనుగు క నాలుగు బాబూ."

"ఏ క? మొదటిదా, రెండోదా?"

"కయే, క!"

"రెండిటికీ నువ్వలాగే అంటన్నావు."

"అయితే ఆ రెండోది నువ్వు సెప్పు, ఇంటాను."

ఆయన చెప్పాడు. అదీ నాకు క అనే వినబడింది. ఆయనకే నవ్వాగలేదు. మా వైపు నోళ్ళకి ఒత్తు పలకదు. చ అంటే స అయిపోతుంది. "నోటితో అవ్వదప్పా, రాయాల్సిందే" అన్నాడు.

అలా అ ఆ ల కంటే ముందు నాకు ఆ ఎనిమిది అక్షరాలు వచ్చాయి. మా పాస్టరమ్మగారు పలక చూసి, "అ రాకుండా ఝ ఎలగొచ్చినాది నీకు?" అని నోరెళ్ళబెట్టింది. తర్వాత గుర్రం, ఏనుగు, మంత్రి. తర్వాత ఆయన పంపే చిన్న మాటలు. "మంచి ఎత్తు అప్పా." "జాగ్రత్త అప్పా, మంత్రి." అవి చదవడం కోసమే మిగతా అక్షరాలన్నీ నేర్చుకున్నాను. పప్పు రుబ్బుతూ ఎత్తు ఆలోచించేదాన్ని, చెయ్యి కడుక్కుని పంపేదాన్ని. జవాబు కొన్నిసార్లు వెంటనే వచ్చేది, కొన్నిసార్లు చాలా ఆలస్యమయ్యేది. ఆలస్యమైతే నాకు గర్వంగా ఉండేది. కాలేజీలో ఎక్కడో కూచుని, చెవి లాక్కుంటూ నా ఎత్తుకి విరుగుడు వెతుకుతున్నాడని అనుకునేదాన్ని. నేను ఆలోచించింది ఇంకో మనిషికి కష్టం కలిగించడం నా జీవితంలో అదే మొదలు. మా ఆయన కూడా నా మాట మీద అంతసేపు ఎన్నడూ ఆగలేదు.

ఒకరోజు గెలిచాను. ఏనుగుతో ఆటకట్టు. కాసేపటికి ఫోను మోగింది. "ఓడిపోయాను అప్పా." ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. జ్వరం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు చెబుతారు. నేను అప్పటిదాకా ఎప్పుడూ లేవలేదు. "దేవునికి స్తోత్రం. నాను అక్షరం ముక్క రాందాన్ని. ఈ వారం ఒక కాలేజీ మాస్టార్ని సదరంగంలో ఓడించినాను. ఓడిపోయానని ఆయనే రాసి పంపినాడు. ఆ రాసింది నానే సదువుకున్నాను" అన్నాను. ఆట మీద సాక్ష్యం చెల్లుతుందా లేదా అని పాస్టరుగారు తటపటాయిస్తుండగానే వెనక చాప మీద ముసలమ్మ ఒకావిడ "హల్లెలూయ" అని అరిచింది. దాంతో అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఇడ్లీ ప్లేటు చేతికిస్తూ ఆయనకి చెప్పాను. "సంగంలో నీ పరువు తీసీసినాను బాబూ. సాక్ష్యం సెప్పీసినాను."

ఆయన ప్లేటులోకి చూశాడు. "అలగా" అన్నాడు. చట్నీ ఇడ్లీకి అంటుకుపోతున్నా చూసుకోలేదు. తలెత్తకుండా తినేసి బస్సుకి వెళ్ళిపోయాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం, నా రాజు ఇరుకులో పడ్డాడు. ఎదుటి మంత్రీ ఏనుగూ కలిసి వస్తున్నాయి. రాజు మీదికి ఇంకా ఎవరూ రాలేదు. మా నాన్నని తల్చుకుని 'రాజు జ2' అని పంపాను.

జవాబు వచ్చింది. "చెల్లదు. మళ్ళీ ఆడండి."

మొదట నవ్వొచ్చింది. చెయ్యేసి ఒప్పుకున్న దూకు మర్చిపోయాడేమో అనుకున్నాను. మళ్ళీ అదే పంపాను. "చెల్లదు. మళ్ళీ ఆడండి." ఇంకోసారి పంపాను. అదే మాట, ఒక్క అక్షరం తేడా లేదు. అప్పుడు 'ఆడండి' దగ్గర నా చూపు ఆగింది. ఆయన నన్ను ఏనాడూ 'అండి' అనలేదు. అప్పని ఎవరైనా అండి అంటారా?

ఫోను పట్టుకుని వెనక వీధికి వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తోంది.

"ఒలే, ఇప్పుడెందుకొచ్చినావు? ఆడికి జొరం. మాత్తరేసుకుని తొంగున్నాడు."

"తొంగున్నాడా? ఇప్పుడే నాకు మెసేజి ఎట్టినాడమ్మా."

"పొద్దుటేల్నుంచీ తొంగున్నోడు ఏటి ఎడతాడే!"

లోపలికి వెళ్ళాను. ఆయన మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కళ్ళజోడు దిండు పక్కన ఉంది. గుమ్మంలో నిలబడి ఒక బంటు ఎత్తు పంపాను. చూస్తూ నిలబడ్డాను. గురక. బల్ల మీద కంప్యూటరు హోరు. అలా చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నా చేతిలో ఫోను అదిరింది. ఆయన గురక పెడుతూనే నా బంటుని కొట్టేసి, "మంచి ఎత్తు అప్పా" అన్నాడు.

భుజం పట్టి లేపాను.

"ఎవులు బాబూ నాతో ఆడతన్నది? సిన్నోడా, పెద్దోడా?"

ఆయన కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. నా చేతిలో ఫోను చూశాడు. అబద్ధం చెప్పలేదు, అంతవరకూ ఒప్పుకోవాలి.

"ఆళ్ళు కాదప్పా. ఇంకోడు. ఓడిపోడం నేర్సుకుంటన్నోడు."

గెలవడం నేర్పడం సులువట. కొత్తగా నేర్చుకునే పిల్లలతో ఆడి, మనిషిలా ఓడిపోవడం నేర్పాలంటేనే కష్టమట. ఊరికే బలం తగ్గిస్తే మంత్రిని తెచ్చి పళ్ళెంలో పెట్టేస్తుంది, మిషనని ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకని ఎదుటివాళ్ళ ఆటలన్నీ చూసి వాళ్ళ బలం కొలిచి, మంచి ఎత్తుల వరసలోంచి అంత మంచిది కాని ఎత్తొకటి ఏరుకుంటుంది. ఆ ఏరుకోవడం కుదిరిందో లేదో తేలాలంటే మిషన్లు పనికిరావు. మనుషులు కావాలి.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు మిషనుతో ఆడినట్టు ఆడతావు అప్పా. పరీక్ష..."

"పాడైపోతాది."

ఆయన తలదించుకున్నాడు. "మొదటి ఆటలు నానే ఆడినాను, నిజం. తర్వాత... నువ్వు గెలిసినాక సెప్దామనుకున్నాను. ఈలోగా నువ్వెళ్ళి సంగంలో సెప్పీసినావు. రేపు సెప్దాం, రేపు సెప్దాం అని..."

"నీ పెట్టె తెగులు నీకే అంటుకున్నాది" అన్నాను. తర్వాత అడగకుండా ఉండాల్సింది అడిగాను. "మరి అంతంతసేపు ఆగి జవాబిచ్చీవోడివి కదా?"

"దానికి రెప్పపాటు సాలు. ఆగమని నానే రాసినాను. కష్టమైన ఎత్తుకి ఎక్కువసేపు, సులువైనదానికి తక్కువ. మడిసి ఆలోసిస్తన్నట్టు ఉండాల గదా."

నా పేరు తెలియని పెట్టె నన్ను అప్పా అనడం భరించగలనేమో. ఓడిపోవడం నాకు అలవాటే. కాని నేను పప్పు రుబ్బుతూ ఫోను వైపు చూసుకున్న ఆ మధ్యాహ్నాలన్నిటిలో అటువైపు ఎవరూ లేరు. ఆ ఖాళీని ఒక మనిషి కూచుని, కొలిచి, నాకోసం తయారుచేశాడు. నేర్చుకున్న అక్షరాలు కూడా ఆయన ముందు పారేసి రావాలనిపించింది. అవి అలా ఇచ్చేయడానికి కుదిరేవి కావు.

"ఒక్కటి సెప్పు బాబూ. ఏనుగుతో ఆటకట్టు సేసినాను, ఆ ఆట. నాను గెలిసినానా, అది గెలిపించినాదా? సంగంలో నిలబడి దేవుడి పేరు మీద సెప్పినాను. అది అబద్ధ సాక్ష్యమా, కాదా?"

ఆయన ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాగాడు. "ఆ రోజు అది ఏ ఎత్తు ఎందుకు ఏరుకున్నాదో నాను రాసి ఉంచలేదప్పా. నువ్వు బాగానే ఆడినావు. కాని ఒక్క ఆట... తేలదు."

"అయితే కూకో. పెట్టె కాదు. నువ్వు."

చెక్కబల్ల నేనే దించాను. కాయలు నేనే పేర్చాను. ఆయన మంచం మీదే దుప్పటి కప్పుకుని కూచున్నాడు. జ్వరం ఇంకా దిగలేదు. నేను జాలిపడలేదు. మొదటి ఎత్తులు ఇద్దరం గబగబా ఆడేశాం. తర్వాత నా గుర్రం లోపలికి చొరబడింది. ఆయన రాజుకి రెండే దారులున్నాయి, ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. రెండూ నాకు కనబడుతున్నాయి.

ఆయన చెయ్యి రాజు మీదికి వెళ్ళి గాలిలో నిలిచిపోయింది. నేను ఆయన మొహంలోకి చూశాను. దారి వెతుక్కుంటున్నాడా, వెతుక్కుని అయిపోయి నాకోసం ఆగుతున్నాడా, మనిషిలా కనబడే తప్పు ఏదా అని ఏరుకుంటున్నాడా? వాళ్ళమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళింది. చెయ్యి అలాగే ఉంది.

"ఆడు బాబూ."

"ఆలోసిస్తన్నాను అప్పా" అన్నాడు.

ఆ మాట నమ్మడానికి నాకు దారి లేకుండా చేసినవాడు ఆయనే. ఆయన కాయ ముట్టుకోకముందే లేచి వచ్చేశాను.